ఇంగ్లండ్‌లో చిన్న ఫుట్‌బాల్ క్లబ్ అవే మ్యాచ్‌కి వెళ్లడం ఎలా: తేదీ చూసుకోవడం నుంచి తిరుగు రైలు దాకా

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామంది తామున్న ఊరి చిన్న క్లబ్‌ని పట్టుకుంటున్నారు. సొంత మైదానంలో కొన్ని మ్యాచ్‌లు చూశాక అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే: "అన్నా, అవే మ్యాచ్‌కి ఎలా వెళ్లాలి? టికెట్ ఎవరి దగ్గర కొనాలి? ఒక్కడినే వెళ్తే ఇబ్బంది ఉండదు కదా?" వాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. అవే మ్యాచ్ అంటే మన క్లబ్ ఎదుటి క్లబ్ మైదానానికి వెళ్లి ఆడే మ్యాచ్. ఆ మైదానం ఎవరిదో వాళ్లది హోమ్ క్లబ్.

ఉదాహరణకి ఒక ప్రయాణం తీసుకుందాం. మీరు సాల్‌ఫర్డ్ సిటీ అభిమాని. మ్యాచ్ ఆక్రింగ్టన్ స్టాన్లీ మైదానంలో. 2025-26 సీజన్‌లో రెండు క్లబ్‌లూ లీగ్ టూలో, అంటే నాలుగో అంచెలో ఉన్నాయి. ఆక్రింగ్టన్ మైదానంలో పట్టేది ఐదువేల పైచిలుకు జనమే. మీ క్లబ్ ఏదైనా పద్ధతి ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. అవే మ్యాచ్‌లో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పనులు వరస తప్పడం వల్ల వచ్చేవే. ముందు తేదీ, తర్వాత మ్యాచ్ టికెట్, ఆ తర్వాతే రైలు. ఈ వరస మార్చకండి.

## 1. మొదటిసారికి సరైన మ్యాచ్ ఎంచుకోండి

మొదటి అవే మ్యాచ్ దగ్గర ఊరిది, శనివారం మధ్యాహ్నం 3 గంటలది అయితే మంచిది. మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్‌లు వద్దు. ఆట ముగిసేసరికి 9:40 దాటుతుంది, చిన్న ఊళ్లలో ఆఖరి రైలు అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు.

డెర్బీ మ్యాచ్, అంటే ఇరుగుపొరుగు క్లబ్‌ల మధ్య పోరు, కూడా మొదటిసారికి వద్దు. పోలీసులు ఎక్కువగా ఉంటారు, పబ్బులు తలుపులు వేస్తాయి, రెండువైపులా జనం ఉద్రేకంగా ఉంటారు. నాలుగైదు అవే మ్యాచ్‌లు చూశాక వెళ్తే ఆ డెర్బీనే బాగా ఆస్వాదిస్తారు.

నెల కూడా చూసుకోండి. ఆగస్టు, సెప్టెంబరు, ఏప్రిల్ మొదటి ప్రయాణానికి బాగుంటాయి. డిసెంబరులో ఉత్తర ఇంగ్లండ్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, రెండో సగమంతా ఫ్లడ్‌లైట్ల కింద చలిలో నిలబడాలి. అదీ ఒక అనుభవమే కానీ, మొదటిసారే అక్కర్లేదు.

## 2. తేదీ ఖరారయ్యేదాకా డబ్బు పెట్టకండి

జూన్‌లో వచ్చే మ్యాచ్‌ల పట్టిక చివరిదాకా అలాగే ఉండదు. తేదీ మారడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు:

- టీవీ. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. అందుకే టీవీ ఎంచుకున్న మ్యాచ్ శనివారం 12:30కో, మరో రోజుకో జరుగుతుంది.
- కప్పు పోటీలు. ఎఫ్ఏ కప్‌లో మీ క్లబ్ గానీ ఎదుటి క్లబ్ గానీ ముందుకెళ్తే అదే రోజున్న లీగ్ మ్యాచ్ వాయిదా పడుతుంది.
- అంతర్జాతీయ మ్యాచ్‌లు. లీగ్ వన్ (మూడో అంచె), లీగ్ టూ క్లబ్‌లో ముగ్గురు ఆటగాళ్లకి దేశం జట్టు నుంచి పిలుపు వస్తే క్లబ్ వాయిదా అడగొచ్చు.
- వాతావరణం. మైదానంలో నీళ్లు నిలిచినా, నేల గడ్డకట్టినా ఆట ఉండదు. ఇది ఒక్కోసారి మ్యాచ్ రోజు ఉదయమే తేలుతుంది.

కాబట్టి మీ క్లబ్ అధికారిక సైట్‌లో "అవే టికెట్ల వివరాలు" వచ్చేదాకా ఆగండి. అవి వచ్చాయంటే తేదీ, సమయం చాలావరకు కుదిరినట్టే. శనివారం షిఫ్టు చేసే విద్యార్థులు ఈ ఘట్టంలోనే మేనేజర్‌తో మాట్లాడి షిఫ్టు మార్చుకోండి. రెండు రోజుల ముందు అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

## 3. టికెట్ మీ క్లబ్ దగ్గరే కొనండి

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. మ్యాచ్ ఆక్రింగ్టన్‌లో కదా అని ఆక్రింగ్టన్ సైట్‌లోకి వెళ్లి, కనిపించిన సీటు కొనేస్తారు. అది హోమ్ అభిమానుల సీటు. అవే అభిమానులకి మైదానంలో వేరుగా ఒక భాగం ఇస్తారు, దాన్ని అవే ఎండ్ అంటారు. ఆ టికెట్లు మామూలుగా మీ సొంత క్లబ్ టికెట్ ఆఫీసు ద్వారానే అమ్ముతారు.

పెద్ద క్లబ్‌లలో అవే టికెట్ కావాలంటే ఏళ్లతరబడి పాయింట్లు పోగేసుకోవాలి. లీగ్ టూలో ఆ బాధ చాలా అరుదు. సీజన్ టికెట్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు ముందుగా ఇచ్చి తర్వాత అందరికీ తెరుస్తారు.

వరస ఇది:

1. మీ క్లబ్ టికెట్ సైట్‌లో ఖాతా తెరవండి. పేరు, చిరునామా సరిగ్గా ఇవ్వండి.
2. అవే టికెట్ల పేజీలో ధరలు చూడండి. పెద్దవాళ్ల టికెట్ పాతిక పౌండ్లకి అటూ ఇటూగా ఉంటుంది.
3. రాయితీ ఎవరికి ఉందో చదవండి. ఒక క్లబ్ విద్యార్థులకి ఇస్తుంది, ఇంకోటి 22 ఏళ్ల లోపు వాళ్లకే ఇస్తుంది. అవే మ్యాచ్‌కి వర్తించేది హోమ్ క్లబ్ పెట్టిన నిబంధన. మీ సొంత మైదానంలో ఉన్న రాయితీ అక్కడ ఉంటుందని అనుకోవద్దు.
4. నిలబడి చూసే టెర్రసా, కూర్చునే సీటా అన్నది చూసుకోండి. ఈ స్థాయిలో టెర్రస్‌లు ఇంకా ఉన్నాయి. ఆక్రింగ్టన్‌లో అవే అభిమానులు నిలబడే కాపిస్ టెర్రస్‌కి కప్పు లేదు. వానొస్తే తడవాల్సిందే.
5. టికెట్ ఫోన్‌లోకి వస్తుందా, కాగితం ప్రింట్ తీసుకోవాలా, కౌంటర్‌లో తీసుకోవాలా అన్నది గమనించండి.
6. మ్యాచ్ రోజు గేటు దగ్గర అమ్ముతారా, అమ్మితే కార్డా నగదా, ఎక్కువ తీసుకుంటారా అన్నది కూడా అదే పేజీలో ఉంటుంది.

పొరపాటున హోమ్ ఎండ్ టికెట్ కొనేశారా? వెంటనే హోమ్ క్లబ్ టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి అవే అభిమానినని చెప్పండి. మార్చమనో, డబ్బు వెనక్కివ్వమనో మర్యాదగా అడగండి. ఆ టికెట్‌తో అలాగే వెళ్లి నోరు మూసుకుని కూర్చుంటాననుకోవద్దు. మీ జట్టు గోల్ కొట్టినప్పుడు మొహం దాచడం ఎవరి వల్లా కాదు. స్టీవర్డ్‌లు (జనాన్ని చూసుకునే మైదానం సిబ్బంది) బయటికి పంపే అధికారం మైదానం నిబంధనల్లోనే ఉంది.

వాట్సాప్ గ్రూపుల్లో "ఎక్స్‌ట్రా టికెట్ ఉంది" అనే అపరిచితుల దగ్గర కొనకండి. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం.

వీల్‌చైర్ వాడేవాళ్లు, తోడు మనిషి అవసరమైనవాళ్లు ఆన్‌లైన్‌లో కొనకుండా ముందు టికెట్ ఆఫీసుతో మాట్లాడండి. చాలా క్లబ్‌లు తోడు వచ్చినవాళ్లకి ఉచితంగా టికెట్ ఇస్తాయి. చిన్న మైదానంలో వీల్‌చైర్ స్థలాలు చాలా తక్కువ, అందుకే తొందరపడాలి.

## 4. ప్రయాణం: ముందు తిరుగు రైలు చూడండి

నిజంగా ముందు తిరుగు రైలే చూడాలి. మధ్యాహ్నం 3కి మొదలైన ఆట 4:55 ప్రాంతంలో ముగుస్తుంది. స్టేషన్‌కి నడక కలుపుకోండి, ఇంకో పావుగంట చేతిలో పెట్టుకోండి. ఆ తర్వాత ఏ రైలు ఉంది, అది తప్పితే ఇంకోటి ఎప్పుడు, ఆఖరిది ఎప్పుడు: ఈ మూడు సమయాలూ రాసిపెట్టుకోండి.

మన ఉదాహరణలో మాంచెస్టర్ విక్టోరియా నుంచి ఆక్రింగ్టన్‌కి టాడ్‌మోర్డెన్, బర్న్‌లీ మీదుగా నార్తర్న్ రైలు నేరుగా వెళ్తుంది. సుమారు గంట ప్రయాణం. స్టేషన్ నుంచి మైదానం ఒక మైలు దూరం, వాలీ రోడ్డు పట్టుకుని ఎత్తు ఎక్కుతూ ఇరవై నిమిషాలు నడవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఊళ్లో దిగేలా రైలు ఎంచుకుంటే తినడానికి, నడవడానికి, గేటు వెతుక్కోవడానికి సమయం సరిపోతుంది.

డబ్బు ఆదా చేసే దారులు:

- 16-25 రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. 26 దాటినా పూర్తికాలం చదువుతున్న విద్యార్థులు ఈ కార్డు తీసుకోవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.
- ముగ్గురు నుంచి తొమ్మిది మంది కలిసి వెళ్తే చాలా రైలు కంపెనీలు గ్రూప్‌సేవ్ కింద మూడో వంతు తగ్గిస్తాయి. దీన్ని రైల్‌కార్డ్‌తో కలపడం కుదరదు.
- అడ్వాన్స్ టికెట్ చవకే కానీ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. వెళ్లేటప్పుడు అది పర్వాలేదు. తిరుగు ప్రయాణానికి ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ తీసుకోండి. ఆట ఆలస్యంగా ముగిస్తే టెన్షన్ ఉండదు.

అడ్వాన్స్ టికెట్ కొన్నాక మ్యాచ్ వాయిదా పడితే రైలు బయల్దేరేలోపు రుసుము కట్టి మరో తేదీకి మార్చుకోవచ్చు. డబ్బు మాత్రం సాధారణంగా వెనక్కి రాదు. మొదట తేదీ ఖరారు చేసుకోమన్నది అందుకే.

రైలు స్టేషన్ లేని ఊళ్లూ ఉన్నాయి. ఫ్లీట్‌వుడ్‌కి బ్లాక్‌పూల్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ట్రామ్ ఎక్కాలి. ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ ఉండే నెయిల్స్‌వర్త్‌కి దగ్గరి స్టేషన్ స్ట్రౌడ్. అక్కడి నుంచి బస్సు, దిగాక మైదానం దాకా గట్టి ఎత్తు. ఇలాంటి చోట్లకి, మంగళవారం మ్యాచ్‌లకి, దూరపు ఊళ్లకి క్లబ్ నడిపే సపోర్టర్స్ కోచ్, అంటే అభిమానుల బస్సు, ఉత్తమం. గేటు దగ్గరే దింపుతుంది, ఆట అయ్యాక అక్కడే ఎక్కించుకుంటుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా ఆడపిల్లలకి నేను మొదట చెప్పేది ఈ కోచ్ గురించే. ఒక్క ప్రయాణంలోనే పదిమంది పరిచయమవుతారు, తర్వాతి మ్యాచ్‌కి తోడు వెతుక్కునే పని ఉండదు.

కోచ్‌లో మద్యం తీసుకెళ్లకూడదు. ఇది కోచ్ వాళ్లు పెట్టిన నియమం కాదు, 1985 నాటి చట్టం. స్నేహితులంతా కలిసి అద్దెకి తీసుకున్న మినీబస్సుకీ ఇది వర్తిస్తుంది.

## 5. బట్టలు, బ్యాగు

టెర్రస్ మీద రెండు గంటలు కదలకుండా నిలబడతారు. చలి మొదట పట్టుకునేది పాదాలనే, కాంక్రీటు నుంచి పైకి పాకుతుంది. అందుకని మందపాటి సాక్స్, మందమైన అడుగున్న బూట్లు అన్నిటికంటే ముఖ్యం. పైన ఒకే లావు కోటు వేసుకోవడం కంటే పొరలుగా వేసుకోవడం నయం. లోపల థర్మల్, మీద స్వెటర్, ఆపైన వాన ఆగే జాకెట్.

గొడుగు వద్దు. వెనకున్నవాళ్లకి ఆట కనబడదు, చాలాచోట్ల లోపలికి రానివ్వరు. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ చాలు.

తీసుకెళ్లాల్సినవి:

- ఫోన్, నిండా చార్జ్ చేసిన చిన్న పవర్ బ్యాంక్ (టికెట్, రైలు రెండూ ఫోన్‌లోనే ఉంటాయి)
- టికెట్ స్క్రీన్‌షాట్, లేదా వాలెట్‌లోకి దించుకున్న టికెట్. జనం మధ్య సిగ్నల్ దొరక్కపోవచ్చు
- బ్యాంకు కార్డు, దానితోపాటు పది ఇరవై పౌండ్ల నగదు
- రాయితీ టికెట్ అయితే వయసు లేదా విద్యార్థి గుర్తింపు కార్డు
- రైల్‌కార్డ్
- క్లబ్ స్కార్ఫ్
- గ్లవ్స్, ఉన్ని టోపీ

ఇంట్లో వదిలేయాల్సినవి: పెద్ద బ్యాక్‌ప్యాక్, గాజు సీసా, స్టీలు ఫ్లాస్కు, లాప్‌టాప్. చాలా మైదానాలు ఎ4 కాగితం సైజుకి మించిన బ్యాగుని రానివ్వవు, చిన్న మైదానాల్లో సామాను దాచే చోటు కూడా ఉండదు. పొగబాంబులు, ఫ్లేర్‌ల జోలికి అసలు పోవద్దు. వాటిని లోపలికి తీసుకెళ్లడానికి ప్రయత్నించినా నేరమే.

## 6. మ్యాచ్ రోజు ఉదయం

బయల్దేరే ముందు హోమ్ క్లబ్ సోషల్ మీడియా పేజీ చూడండి. మంచు, వాన ఉంటే "పిచ్ ఇన్‌స్పెక్షన్" (మైదానం ఆటకి పనికొస్తుందా అని చూసే తనిఖీ) ఎన్నింటికో చెబుతారు. ఫలితం వచ్చేదాకా ఆగగలిగితే ఆగండి. వాయిదా పడితే మ్యాచ్ టికెట్ సాధారణంగా కొత్త తేదీకి చెల్లుతుంది. ఆ తేదీకి వెళ్లలేకపోతే డబ్బు వెనక్కి ఎప్పటిలోగా అడగాలో క్లబ్ చెబుతుంది, ఆ గడువు దాటనివ్వకండి.

రైలు సమయాలు కూడా మరోసారి చూడండి. పట్టాల మరమ్మతులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, ప్రయాణం రెట్టింపవుతుంది.

## 7. ఊళ్లో దిగాక

స్కార్ఫ్ వేసుకుని నడవచ్చా? లీగ్ టూ ఊళ్లలో మామూలు శనివారం హాయిగా వేసుకోవచ్చు. అయినా కొత్త ఊళ్లో మొదటి అరగంట దాన్ని జాకెట్ లోపల ఉంచుకుని, మీ క్లబ్ రంగులు ఇంకొందరి మెడలో కనిపించాక బయటికి తీయమనే చెబుతాను. డెర్బీ రోజైతే గేటు దాకా లోపలే ఉంచండి.

పబ్‌కి వెళ్లేముందు తలుపు మీద కాగితం చదవండి. "హోమ్ అభిమానులకే" అని ఉంటే వాదన అనవసరం, పక్క పబ్ చూసుకోండి. అవే అభిమానులని రానిచ్చే పబ్‌లు ఏవో మీ క్లబ్ పాత అభిమానులకి తెలుసు, కోచ్‌లోనో రైల్లోనో అడగండి. మద్యం తాగనివాళ్లూ పబ్‌కి వెళ్లొచ్చు. కోక్ తీసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆర్డర్ బల్ల దగ్గర కాదు, కౌంటర్ దగ్గర ఇవ్వాలి.

ఊరివాళ్లతో మాట్లాడండి. మైదానానికి దారి అడగడమే మంచి మొదలు. "మీ జట్టు ఈ మధ్య ఎలా ఆడుతోంది?" అని అడిగితే చాలు, మిగతాదంతా వాళ్లే చెబుతారు. వాళ్ల క్లబ్‌ని తక్కువ చేసే మాట మాత్రం మీ నోట రానివ్వకండి. వాళ్ల టీమ్‌ని వాళ్లు తిట్టుకుంటారు, ఆ హక్కు వాళ్లది.

## 8. తిండి: ఏది మనం తినొచ్చు

ఈ విషయం మీద మనకి ఇంగ్లిష్ గైడ్‌లు ఏవీ సాయపడవు. బీఫ్ తిననివాళ్లు, శాకాహారులు కింది వివరాలు గుర్తుపెట్టుకోండి.

- బోవ్రిల్: చలికి అందరూ కప్పుల్లో తాగే వేడి పానీయం. చూడటానికి నల్ల టీలా ఉంటుంది. అది బీఫ్ సారంతో చేసింది.
- స్టేక్ పై, మీట్ అండ్ పొటాటో పై: పై అంటే లోపల కూరతో కాల్చిన పిండి వంటకం. స్టేక్ అంటే బీఫే. రెండోదాంట్లో కూడా చాలావరకు బీఫే ఉంటుంది.
- చికెన్ బాల్టీ పై: లోపల కోడికూర. కారం మనకి చాలదు కానీ వేడివేడిగా బాగుంటుంది.
- చీజ్ అండ్ ఆనియన్ పై: శాకాహారులకి సాధారణంగా దొరికేది ఇదే. గుడ్డు కూడా తిననివాళ్లు పైపూత గురించి అడగాలి.
- సాసేజ్ రోల్: పంది మాంసం.
- చిప్స్: వీటి దగ్గరే చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా ఊరి చిప్స్ షాపుల్లో, బీఫ్ కొవ్వులో వేయించే అలవాటు ఇంకా ఉంది. "వెజిటబుల్ ఆయిలా, బీఫ్ డ్రిప్పింగా?" అని అడగండి. మామూలు ప్రశ్నే, చక్కగా జవాబిస్తారు.
- గ్రేవీ: అడగకుండా పోయించుకోవద్దు.

ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ మైదానంలో 2015 నుంచి అంతా వీగన్ (మాంసం, గుడ్లు, పాలు ఏవీ లేని) తిండే. శాకాహారులు ఏదీ అడగకుండా తినగలిగిన చోటు అది.

ఇంటినుంచి పులిహోరో, పెరుగన్నమో తెచ్చుకుంటే రైల్లోనే తినేయండి. లోపలికి తీసుకెళ్లాలనుకుంటే స్టీలు డబ్బా వద్దు, చిన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. బయటి తిండిని రానిస్తారో లేదో క్లబ్‌ని బట్టి ఉంటుంది.

హాఫ్ టైమ్‌లో పైల లైను చాంతాడంత ఉంటుంది, రెండో సగం మొదలైనా కదలదు. ఆటకి అరగంట ముందో, హాఫ్ టైమ్‌కి ఐదు నిమిషాల ముందో వెళ్లండి.

## 9. గేటు దగ్గర

ఆటకి 45 నిమిషాల ముందు గేటు దగ్గర ఉండండి. అవే అభిమానుల గేటు వేరు. తరచుగా మైదానానికి అవతలి పక్క సందులోంచి చుట్టి వెళ్లాలి. బోర్డు మీద "అవే" లేదా "విజిటర్స్" అని ఉందో లేదో చూసుకున్నాకే లైనులో నిలబడండి.

పాత మైదానాల్లో టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు) చాలా ఇరుకు. మన పాత సినిమా హాళ్ల నేల టికెట్ లైనులో ఇనుప కటకటాల మధ్య దూరినట్టే ఉంటుంది. బ్యాగు ముందుకి తిప్పుకుని, టికెట్ చేతిలో పట్టుకుని ఒక్కొక్కరే వెళ్లాలి. ముందు స్టీవర్డ్ జేబులు, బ్యాగు తడిమి చూస్తారు. అందరినీ చూస్తారు, అదొక అనుమానమనుకోవద్దు. మహిళలని మహిళా స్టీవర్డ్ చూడాలని అడగొచ్చు.

టికెట్ స్కాన్ కాకపోతే పక్కకి జరిగి మీ క్లబ్ స్టీవర్డ్ గానీ సపోర్టర్ లయజన్ ఆఫీసర్ (అభిమానుల తరఫున క్లబ్‌తో మాట్లాడే ఉద్యోగి) గానీ ఉన్నారేమో అడగండి. ఆర్డర్ ఈమెయిల్ చూపించండి. ఒకసారి లోపలికి వెళ్తే మళ్లీ బయటికి వచ్చి వెళ్లడం కుదరదు. మందుల్లాంటివి మరిచిపోకండి.

## 10. టెర్రస్ మీద

ఎక్కడైనా నిలబడొచ్చు, మెట్ల దారిలో తప్ప. పసుపు రంగు గీతల మధ్య నిలబడితే స్టీవర్డ్ జరగమంటారు. మొదటిసారైతే గోల్ వెనక మధ్యలో కాకుండా కొంచెం పక్కకి, ఇనుప అడ్డకమ్మీ వెనక నిలబడండి. చేతులు ఆనించుకోవచ్చు, గోల్ పడ్డప్పుడు వెనకనుంచి వచ్చే తోపులాట కూడా తగలదు. పిల్లలతో వస్తే కిందివరసలో కంచె దగ్గరికి వెళ్లండి.

పాటలు. ఇదే అవే ఎండ్ ప్రాణం. రెండు మూడు వందల మంది కప్పులేని టెర్రస్ మీద గొంతెత్తితే మైదానమంతా వినబడుతుంది. అక్కడ మీ గొంతు కూడా లెక్కలోకి వస్తుంది. మీ క్లబ్ పాటలు నాలుగు ముందే నేర్చుకోండి. కానీ పదాలు అర్థంకాని పాటలో గొంతు కలపకండి. కొన్ని పాటలు ఎదుటి క్లబ్ విషాదాలని ఎత్తిచూపుతాయి. 1985లో బ్రాడ్‌ఫర్డ్ మైదానం మంటల్లో 56 మంది, 1989 హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలాంటి పాటలు పాడినవాళ్ల మీద కేసులు పెడుతున్నారు.

చట్టం ఒప్పుకోనివి:

- ఆట కనిపించేచోట మద్యం తాగడం (ఐదో అంచె నేషనల్ లీగ్ దాకా). బీరు కొంటే లోపలి వరండాలోనే తాగి రావాలి.
- తాగి మత్తులో లోపలికి రావడం.
- మైదానంలోకి దిగడం. ఆఖరి నిమిషం గోల్ ఆనందంలో అయినా సరే.
- ఆటగాళ్ల మీదికి, జనం మీదికి ఏదైనా విసరడం. కాయిన్ అయినా, ఖాళీ కప్పు అయినా.
- జాతి దూషణ.

వీటికి కోర్టు విధించే ఫుట్‌బాల్ నిషేధం మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా ఉంటుంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నేరం రుజువైతే తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ చెప్పాల్సి వస్తుంది. సిగరెట్, వేప్ కూడా లోపల కుదరవు.

ఆట ముగిశాక వెంటనే పరుగెత్తకండి. ఆటగాళ్లు అవే ఎండ్ దగ్గరికి వచ్చి చప్పట్లు కొడతారు. ఓడినా వస్తారు. ఇంత దూరం వచ్చినవాళ్లని చిన్న క్లబ్ ఆటగాళ్లు మొహాలు చూసి గుర్తుపడతారు.

## 11. ఎవరైనా జాతి దూషణ చేస్తే

ఎక్కువమందికి ఇది ఎప్పుడూ ఎదురుకాదు. అయినా జరగదని నేను మాటివ్వలేను, అందుకే ఏం చేయాలో తెలిసి వెళ్లాలి.

1. బదులు తిట్టకండి, దగ్గరికి వెళ్లకండి.
2. ఎవరు, ఏ బట్టల్లో, ఎక్కడ నిలబడి, ఏమన్నారు, ఎన్నింటికి అన్నది ఫోన్‌లో రాసుకోండి.
3. దగ్గరి స్టీవర్డ్‌కి చెప్పండి. చాలా క్లబ్‌లకి మెసేజ్ చేసే నంబరు కూడా ఉంటుంది, టికెట్ మీదో గోడ మీదో కనిపిస్తుంది.
4. పక్కనున్నవాళ్లని సాక్ష్యం అడగండి. అవే ఎండ్‌లో చాలామంది ముందుకొస్తారు.
5. ఇంటికొచ్చాక కిక్ ఇట్ అవుట్ సంస్థకి ఫిర్యాదు పంపండి. 1993 నుంచి ఈ పనే చేస్తున్న సంస్థ అది.
6. రైల్లో జరిగితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులకి 61016 నంబరుకి మెసేజ్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 999.

దూషించింది మన క్లబ్ అభిమానే అయినా ఇదే వరస. మన రంగు స్కార్ఫ్ వేసుకున్నాడని వదిలేయకూడదు.

## 12. ఆరో అంచె, ఇంకా కింద

నేషనల్ లీగ్ నార్త్, సౌత్, వాటి కింది లీగ్‌లలో చాలా విషయాలు సులువు. చాలాచోట్ల అవే ఎండ్ వేరుగా ఉండదు, గేటు దగ్గరే టికెట్ ఇస్తారు, అభిమానులు హాఫ్ టైమ్‌లో తమ జట్టు దాడి చేసే గోల్ వెనక్కి నడిచి వెళ్తారు. క్లబ్ ఒప్పుకుంటే బీరు చేతిలో పట్టుకుని ఆట చూడొచ్చు.

ఇక్కడ నగదు తప్పనిసరిగా ఉంచుకోండి. రాఫిల్ (లాటరీ) టికెట్, ప్రోగ్రామ్ (మ్యాచ్ వివరాల పుస్తకం), టీ బల్ల నడిపేది వలంటీర్లే. ప్రోగ్రామ్ ఒకటి కొనండి, ఆ డబ్బు నేరుగా క్లబ్‌కి వెళ్తుంది. రెండు క్లబ్‌ల అభిమానులూ పక్కపక్కనే నిలబడతారు కాబట్టి నోరు మరింత అదుపులో ఉండాలి.

## 13. తిరుగు ప్రయాణం

బయటికి వచ్చాక మీ వాళ్ల గుంపుతోనే స్టేషన్ దాకా నడవండి. పోలీసులు కాసేపు ఆపితే వాదించకండి, ఎక్కువగా పది పదిహేను నిమిషాలే. కోచ్‌లో వచ్చినవాళ్లు దాన్ని ఎక్కడ నిలిపారో దిగేటప్పుడే ఫొటో తీసుకోండి. చీకట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఆఖరి రైలు తప్పితే ముందు స్టేషన్ సిబ్బందిని అడగండి. తప్పింది మీ ముందు రైలు ఆలస్యం వల్ల అయితే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైలు కంపెనీదే. అందుకే ప్రయాణమంతటికీ టికెట్లు ఉండాలి, వాటిని పారేయకూడదు. సిబ్బంది లేకపోతే స్టేషన్‌లో ఉన్న హెల్ప్ పాయింట్ బటన్ నొక్కి చెప్పండి.

రైలు ఆలస్యమైతే "డిలే రీపే" కింద కొంత డబ్బు వెనక్కి వస్తుంది. నార్తర్న్ పదిహేను నిమిషాల ఆలస్యం నుంచే ఇస్తుంది. టికెట్ ఫొటో, ఎక్కాల్సిన రైలు సమయం, చేరిన సమయం పెట్టి కంపెనీ సైట్‌లో దరఖాస్తు చేయాలి. గడువు 28 రోజులు. మ్యాచ్ అయిన మర్నాడే చేసేయండి, ఆ డబ్బు తర్వాతి అవే టికెట్‌కి పనికొస్తుంది.